రోజూ జనవరి ఒకటో తారీఖే

మార్చి 5, 2001, సోమవారం

బీపీ డాక్టరు చెప్పాడని ఈ డైరీ మొదలుపెడుతున్నాను. కోపం వచ్చినప్పుడు ఎదుటివాళ్ళ మీద అరవకుండా కాగితం మీద రాసుకోమన్నాడు. పురుగుమందుల కొట్టువాళ్ళు ఊరికే ఇచ్చిన డైరీ ఒకటి ఇంట్లో పడి ఉంది. ఇందులో రాసుకుంటానంటే పుల్లమ్మ, "ఎదుటివాళ్ళంటే నేనేగా. ఇంకాస్త లావుది తెచ్చుకోవాల్సింది" అంది. పెళ్ళాం అంటే భర్త బీపీ మీద ఆమాత్రం శ్రద్ధ ఉండాలి.

కోపం కంప్యూటరు మీద. మా కోల్డ్ స్టోరేజీకి అది వచ్చి మూడు వారాలైంది. రైతు మిరపకాయల టిక్కీలు, అంటే బస్తాలు, దింపగానే ఎన్ని టిక్కీలు, ఏ చాంబర్లో పెట్టాం, ఏ రోజు పెట్టాం, అన్నీ చీటీ మీద అచ్చుకొట్టి ఇస్తుంది. ఓనరు కోటేష్ బాబు దాన్ని నా చేతికి అప్పగించాడు. ముప్ఫై ఏళ్ళు రేడియోలు బాగుచేసినవాణ్ణి, ఎనిమిదేళ్ళుగా ఇక్కడ కంప్రెసర్లు, ప్యానెల్ బోర్డు చూస్తున్నవాణ్ణి. ఇంకెవరికి అప్పగిస్తాడు.

రోజూ పొద్దున స్విచ్చి వేయగానే నల్లటి తెర మీద నాలుగు ఇంగ్లీషు ముక్కలు వేసి ఆగిపోతుంది. ఎఫ్ వన్ నొక్కితే గానీ కదలదు. కదిలాక చూస్తే తారీఖు 1998 జనవరి ఒకటి. ప్రింటరు సెట్టింగు కూడా పోయి ఉంటుంది. రెండూ సరిచేస్తాను, సేవ్ చేస్తాను. ఆ రోజంతా బుద్ధిగా ఉంటుంది. సాయంత్రం ఆపి మర్నాడు వేస్తే మళ్ళీ 1998 జనవరి ఒకటి.

రాశాను. కోపం ఏమీ తగ్గలేదు.

మార్చి 6

1998.

మార్చి 7

1998. పుల్లమ్మ గోంగూర పచ్చడి చేసింది. డాక్టరు మాట విని ఉప్పు తగ్గించింది. అయినా బాగుంది.

మార్చి 8, గురువారం

గుంటూరు నుంచి కంపెనీ ఇంజనీరు వచ్చింది. ఇది మూడోసారి. పేరు మహిమ. ఇరవై మూడేళ్ళుంటాయేమో. భుజాన సంచి, అందులో స్క్రూడ్రైవర్లు చిన్నా పెద్దా వరసలో గుడ్డకి గుచ్చి చుట్టి ఉంటాయి. ఆ చుట్టడం చూసి మొదటిసారే అనుకున్నాను, ఈ పిల్లకి పనిముట్లంటే గౌరవం ఉందని. పని మాత్రం రాదు. వస్తే మూడుసార్లు రావాల్సిన అవసరమేముంది.

మూత తీసి అన్నీ మీటరుతో చూసింది. లోపల రూపాయి బిళ్ళంత సెల్లు ఒకటి ఉంటుంది, దాన్నీ చూసింది. "సెల్లు బాగానే ఉందండీ, మూడు వోల్టులు చూపిస్తోంది" అంది. మిషను ఆపి వేసింది, ఆపి వేసింది, ఆరుసార్లు. ఆరుసార్లూ తారీఖు సరిగ్గానే వచ్చింది. ఆ పిల్ల ముందు ఎంత మంచిదానిలా నటిస్తుందో.

"యలమందయ్యగారూ, సాయంత్రం మీరు ఎలా ఆపుతారో చెప్పండి" అంది.

చెప్పాను. ముందు తెర మీద షట్ డౌన్, తర్వాత స్విచ్చి, తర్వాత ప్లగ్గు పీకడం.

"మూత ఏమైనా తీశారా?"

"వెనకాల మీ కంపెనీ అంటించిన సీలు మీరే చూశారుగా అమ్మా" అన్నాను. చూసింది, చిరగకుండానే ఉంది మరి.

సెల్లు దేనికో, కరెంటు లేనప్పుడు అదేం చేస్తుందో ఏదో చెప్పబోయింది. సెల్లులు మార్చీ మార్చీ నా వేళ్ళు అరిగిపోయాయి. సెల్లు గురించి నాకు ఒకరు చెప్పేదేముంది. కంప్రెసరు చప్పుడు తేడాగా ఉందని చెప్పి లేచి వెళ్ళాను. చప్పుడు బాగానే ఉంది. నేను తిరిగొచ్చేసరికి మూత బిగించి, కొత్త సీలు అంటించి, బస్సుకి వెళ్ళిపోయింది.

మార్చి 10, శనివారం

1998.

రోజు మొత్తంలో నాకు నచ్చిన పని సాయంత్రం అయిదున్నరకి. హమాలీలు వెళ్ళిపోతారు, గుమస్తా వెళ్ళిపోతాడు. గది తలుపు దగ్గరికి వేసి, వేడి టీ గ్లాసు సీలుకి ఆనిస్తాను. కాసేపటికి జిగురు మెత్తబడి సీలు చిరక్కుండా లేస్తుంది. మూత తీసి మెత్తటి కుంచెతో లోపలి దుమ్ము దులుపుతాను. మిరపకాయల దుమ్ము మనిషి ముక్కులోకే కాదు, ఎంత సన్నటి సందులోకైనా పోతుంది. ఎర్రగా రాలుతుంది. దులిపి, నాలుగు తుమ్ములు తుమ్మి, సెల్లు బయటికి తీసి ఫ్లానెల్ గుడ్డలో చుట్టి నా డబ్బాలో పెట్టుకుంటాను. మూత బిగించి, సీలుకి ఒక అన్నం మెతుకు రాసి అంటిస్తాను. పొద్దున ఎవరూ రాకముందే మళ్ళీ సెల్లు పెట్టి స్విచ్చి వేస్తాను.

కంపెనీవాళ్ళు మూత తీయొద్దన్న మాట నిజమే. అది బాగుచేయడానికి తీయొద్దని. నేను బాగుచేయడం లేదుగా, చూసుకుంటున్నాను.

సెల్లు ఎందుకు తీయడమంటే, మిషను దింపిన రోజున కంపెనీ మనిషి అది మూడేళ్ళే వస్తుందన్నాడు. రాత్రంతా పనీపాటా లేకుండా లోపల కూర్చోబెడితే మూడేళ్ళే వస్తుంది మరి. నా కొట్టుకి వచ్చిన ప్రతి మనిషికీ ఇదే చెప్పేవాణ్ణి: రేడియో వాడనప్పుడు సెల్లులు తీసెయ్యండి, లేకపోతే కారి లోపలంతా పాడుచేస్తాయి. విన్నవాళ్ళ రేడియోలు ఇప్పటికీ మోగుతున్నాయి. నా చేతిలో ఈ సెల్లు ఆరేళ్ళు రాకపోతే నా పేరు యలమందయ్య కాదు.

మార్చి 14, బుధవారం

చెంచురామయ్య అని, మిరప రైతు, మాకు పాత మనిషి. సోమవారం పొద్దున గేటు బయట పదకొండు ట్రాక్టర్లు ఉంటే ఆ హడావుడిలో తారీఖు మార్చడం మర్చిపోయాను. ఆయన చీటీ మీద 1998 జనవరి ఒకటి అని పడింది. ఆయన చదువుకోలేదు, జేబులో పెట్టుకుని వెళ్ళాడు. నిన్న గుంటూరు మిర్చి యార్డుకి ఆ చీటీ, గుప్పెడు కాయలు పట్టుకెళ్ళి బేరగాడికి చూపించాడట. ఇవాళ వచ్చాడు.

"ఏమయ్యా యలమందయ్యా, కాయలు కోసి నెల కాలేదు. మూడేళ్ళ నాటి సరుకని రాసిచ్చావేంది?"

"మిషను తప్పయ్యా అది."

"మిషను తప్పో మనిషి తప్పో నాకు తెలవదు. ఆ బేరగాడు చీటీ చూసి నవ్వాడు. పదిమందిలో నవ్వాడు. కాయలు కోసి మా కోడలి చేతులు ఇంకా మండుతున్నయ్. కాయ రంగు చూడవయ్యా అంటే చూడకుండానే పొమ్మన్నాడు."

చేత్తో కొత్త చీటీ రాసి, స్టాంపు వేసి ఇచ్చాను. తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ ఏడాదే వేశావుగా?" అని అడిగాడు. ఆయన అలా అడగడం నాకు బాగోలేదు. వెనక కోటేష్ బాబు నిలబడి అంతా విన్నాడు.

మార్చి 15

కోటేష్ బాబు కంపెనీకి కంప్లైంటు రాశాడు. మీరు పంపే ఇంజనీరుకి పని రాదు, మా రైతుల దగ్గర మాట పోతోంది, అని. "మిషను చూసేది నువ్వు, నువ్వు కూడా సంతకం పెట్టు బాబాయ్. మూత ఎవరన్నా తీశారేమో కనుక్కోమన్నారు వాళ్ళు. మా దగ్గర సీలు మీద చెయ్యి వేసినవాణ్ణి గేటు బయట నిలబెడతానని చెప్పా" అన్నాడు.

సంతకం పెట్టాను. పని రాదని నేనూ అనుకున్నదే కదా.

మార్చి 17, శనివారం

మహిమ మళ్ళీ వచ్చింది. పాత సెల్లు తీసేసి కొత్తది వేసింది. సీలు తీస్తూ, "ఇదేంటండీ, అన్నం మెతుకులా ఉంది?" అంది.

"ఇక్కడే భోంచేస్తానమ్మా" అన్నాను. అది అబద్ధం కాదు.

మధ్యాహ్నం పుల్లమ్మ క్యారియర్ తెచ్చింది. ఆ పిల్లని కూడా కూర్చోబెట్టి వడ్డించింది. తింటూ తింటూ తనే చెప్పింది. వాళ్ళ ఆఫీసులో పన్నెండు మంది ఇంజనీర్లట, ఆడపిల్ల తనొక్కతేనట. ఆర్నెల్లు చూసి పర్మనెంటు చేస్తామన్నారట. ఏప్రిల్ పదికి ఆర్నెల్లు.

"మీ కంప్లైంటు వచ్చాక మేనేజరుగారు పిలిచారండీ. ఈ మిషను సరికాకపోతే నన్ను బయట పనికి పంపరంట. కౌంటర్లో ఫోను దగ్గర కూర్చోబెడతారంట."

"నీడపట్టున ఉండొచ్చుగా తల్లీ. ఈ ఎండల్లో బస్సులెక్కి తిరిగే పని తప్పుద్ది" అంది పుల్లమ్మ.

"మూతలు తీసి లోపల చూడ్డం కోసమే ఇందులోకి వచ్చానమ్మా. చిన్నప్పుడు మా నాన్న గోడగడియారం విప్పేసి దెబ్బలు తిన్నా. మళ్ళీ బిగించి నడిపించా కూడా. అది మాత్రం ఎవరూ చెప్పరు" అంది.

నేను పెరుగన్నం కలుపుకోకుండా లేచాను. ఎండ ఎక్కువై అన్నం సహించలేదు.

మార్చి 18, ఆదివారం

సెలవు. టార్చిలైటు సెల్లులతో పాటు, నిన్న సాయంత్రం తీసి ఇంటికి తెచ్చిన ఆ కొత్త సెల్లుని కూడా పిట్టగోడ మీద ఎండలో పెట్టాను. ఎండబెడితే సెల్లులకి కాస్త ఊపిరి వస్తుంది. కొత్తదానికి అక్కర్లేదు గానీ, మొదటినుంచీ అలవాటు చేస్తే మంచిది. పుల్లమ్మ వడియాలకి చోటు లేదని సణిగింది.

మార్చి 19

1998. కొత్త సెల్లుతో కూడా. అంటే ఆ పిల్ల తప్పేం లేదేమో. మిషనే తక్కువ రకం.

మార్చి 20, మంగళవారం

1998.

రేపు పుల్లమ్మతో వాడరేవు వెళ్తున్నాను. వాళ్ళ చెల్లెలు చీరాలలో ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో సముద్రం చూపిస్తానన్నానట. ఎప్పుడో అన్నదాన్ని ముప్ఫై ఆరేళ్ళు గుర్తుపెట్టుకుంది. కోటేష్ బాబు సెలవిచ్చాడు.

నేను లేనప్పుడు పొద్దున్నే సెల్లు పెట్టేవాళ్ళు ఎవరూ ఉండరు కాబట్టి దాన్ని లోపలే ఉంచి మూత బిగించాను. నాలుగైదు రోజుల ఆయుష్షు పోతుంది. పోనీ.

మార్చి 22, వాడరేవు

పుల్లమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని చీలమండల దాకా నీళ్ళలో నిలబడింది. కెరటం వచ్చి వెళ్ళడం రెండు మూడుసార్లు చూసింది. తర్వాత, "ఇన్ని నీళ్ళు పెట్టుకుని పక్కనున్న చేలకి ఒక్క చుక్క ఇవ్వదేందయ్యా ఇది" అంది. ఉప్పు నీళ్ళని చెప్పాను. తెలుసంది.

చేపలు ఎండబెడుతున్న ఒకాయన పక్కన ట్రాన్సిస్టరు పెట్టుకుని పాటలు వింటున్నాడు. వెనక మూత లేదు, సెల్లులు జారకుండా రబ్బరు బ్యాండు వేశాడు. చూసి ఊరుకోలేక, పాటలు అయిపోయాక సెల్లులు తీసెయ్యమని చెప్పాను. "తీస్తానే ఉన్నానండీ, మా నాయన చెప్పాడు" అన్నాడు. లోకంలో ఇంకా బుద్ధిమంతులున్నారు.

చాలా సంతోషంగా ఉంది. కంప్యూటరు గుర్తురాలేదు. ఒకటి రెండుసార్లు వచ్చింది.

మార్చి 27, మంగళవారం

ఉగాది సెలవు అయి ఇవాళ పనిలోకి వెళ్ళాను. కోటేష్ బాబు నవ్వుతూ ఎదురొచ్చాడు.

"నువ్వు లేని నాలుగు రోజులూ బంగారంలా పనిచేసింది బాబాయ్. తారీఖు ఒక్కసారి కూడా పోలేదు. దానికి నీ మీదే ఏదో కోపం ఉన్నట్టుంది."

గుమస్తా కూడా నవ్వాడు. వాడు నవ్వాల్సిన పనిలేదు. వెళ్ళి చూశాను. మార్చి 27, 2001. ఎఫ్ వన్ కూడా అడగలేదు. ఇన్నాళ్ళూ నేను చూసుకున్నందుకే దారికి వచ్చిందనుకున్నాను.

సాయంత్రం దుమ్ము దులిపి, సెల్లు తీసి గుడ్డలో చుట్టి పెట్టాను.

మార్చి 28

1998.

మార్చి 29

రాత్రి సెల్లు లోపలే ఉంచాను. తారీఖు సరిగ్గా ఉంది. ఒక్కరోజుకి ఏమీ తేలదు.

మార్చి 30

తీశాను. 1998.

మార్చి 31

తీయలేదు. సరిగ్గా ఉంది.

ఏప్రిల్ 1, ఆదివారం

టార్చి సెల్లులు కూడా ఎండలో పెట్టలేదు. వడియాలు పెట్టుకోమన్నాను. పుల్లమ్మ నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

ఏప్రిల్ 2, సోమవారం

దాచుకునేదేం లేదు, నా డైరీలో నేను కూడా అబద్ధం రాస్తే ఎలా. ఆ సెల్లు మిషను నడవడానికి కాదు. మిషను ఆగి ఉన్నప్పుడు తారీఖునీ సెట్టింగులనీ పట్టుకుని ఉండటానికి. రేడియో సెల్లుకి రేడియో మోగేటప్పుడే పని. దీనికి అందరూ ఇళ్ళకి వెళ్ళాకే పని. సరిగ్గా ఆ వేళకి దాన్ని తీసి గుడ్డలో చుట్టి పడుకోబెట్టాను. మహిమ చెప్పబోయింది ఇదే. విని ఉంటే మార్చి ఎనిమిదినే అయిపోయేది.

ముప్ఫై ఏళ్ళు జనానికి చెప్పిన మాట, చెప్పి పేరు తెచ్చుకున్న మాట. అదే తప్పయింది. సిగ్గుగా ఉంది. చెంచురామయ్య పదిమందిలో తలదించుకున్నది నా వల్ల. ఆ పిల్ల నాలుగుసార్లు బస్సెక్కి వచ్చింది నా వల్ల.

పుల్లమ్మకి చెప్పాను. అరుస్తుందనుకున్నాను. బియ్యం ఏరుతూ అంతా విని, "ఆ పిల్లని ఫోను దగ్గర కూర్చోబెట్టారా?" అని అడిగింది.

"తెలియదు."

"తెలుసుకో. నీ సెల్లు సంగతి తర్వాత."

ఏప్రిల్ 3

చెబుదామని మూడుసార్లు కోటేష్ బాబు గదిలోకి వెళ్ళాను. మొదటిసారి ఫ్యూజు గురించి మాట్లాడి వచ్చాను. రెండోసారి ఎండ గురించి. మూడోసారి వెళ్ళేసరికి ఆయన ఫోనులో ఉన్నాడు. పెట్టేసి, "గుంటూరు వాళ్ళు బాబాయ్. ఆ అమ్మాయి ఇక రాదు, నిన్నటినుంచి కౌంటర్లో కూర్చుంటోందంట. వేరే ఇంజనీరుని పంపుతున్నారు" అన్నాడు.

అక్కడే నిలబడి చెప్పేశాను. టీ గ్లాసు, అన్నం మెతుకు, ఫ్లానెల్ గుడ్డ, అన్నీ. కోటేష్ బాబు కుర్చీలోంచి లేచాడు.

"నేనన్న మాట గుర్తుందా నీకు?"

"ఉంది బాబూ. గేటు బయట."

"నిన్ను గేటు బయట నిలబెడితే కంప్రెసర్లు ఎవడు చూస్తాడు?" అని విసుక్కుని చెయ్యి చాపాడు. కంప్యూటరు గది తాళంచెవి ఇచ్చేశాను. గుమస్తాని పిలిచి వాడి చేతిలో పెట్టాడు. రేపటికి సెలవడిగాను. ఎందుకని అడగలేదు, ఇచ్చాడు.

ఏప్రిల్ 4, బుధవారం

పొద్దున బస్సుకి గుంటూరు వెళ్ళాను. వాళ్ళ ఆఫీసు మేడ మీద. మెట్లెక్కగానే ఎదురుగా మహిమ, చెవి దగ్గర ఫోను. ఎవరికో ప్లగ్గు సరిగ్గా పెట్టారేమో చూసుకోండి అని చెబుతోంది. నన్ను చూసి లేవబోయింది. మేనేజరుగారి దగ్గరికి తీసుకెళ్ళమన్నాను.

మేనేజరు పేరు హయాత్‌గారు. నిలబడే చెప్పాను, కూర్చోమన్నా కూర్చోలేదు. కూర్చుంటే మాట రాదేమోనని భయం. అంతా విని ఆయన, "సెల్లు తీయమని మీకెవరు చెప్పారండీ?" అన్నాడు.

"ఎవరూ చెప్పలేదండి. అందరికీ చెప్పేది నేనే" అన్నాను. "ఈ అమ్మాయికి పని రాదన్న కాగితం మీద నా సంతకం ఉంది. అది తప్పు. పని రాంది నాకు. అదే రాసిస్తాను, కాగితం ఇవ్వండి."

ఇచ్చాడు. తెలుగులో రాసి, కింద పూర్తి పేరు, ఊరు, తారీఖు వేశాను. రాస్తున్నంతసేపూ మహిమ తలుపు దగ్గర నిలబడి ఉంది. బయటికి వచ్చాక మెట్ల దగ్గర ఆపింది. థాంక్స్ చెబుతుందనుకున్నాను. ముసలాడికి ఆశ ఎక్కువ.

"ప్రతిసారీ అడిగానండీ మిమ్మల్ని. మూత తీశారా అని అడిగితే సీలు చూపించారు. ఇంటికెళ్ళి ప్రతిసారీ పుస్తకాలు తీసి కూర్చున్నా, నాకేం రాదేమో, ఈ పనికి పనికిరానేమో అని. మా అమ్మతో కూడా అనేశా ఆ మాట. మీకు తెలిసి చేయలేదు, సరే. కానీ మూత తియ్యలేదన్నారు. అది తెలిసే అన్నారు కదా."

అవును తల్లీ అన్నాను. ఆ పిల్ల లోపలికి వెళ్ళింది, ఫోను మోగుతోంది.

పుల్లమ్మకి అంతా చెబితే, "బాగా అడిగింది" అంది.

ఏప్రిల్ 9

తారీఖు సరిగ్గా ఉందట. గుమస్తా చెప్పాడు.

ఏప్రిల్ 11

సరిగ్గా ఉందట. సాయంత్రం అయిదున్నరకి నాకేం పని లేదు. కంప్రెసరు రూములో ఒకసారి తుడిచిన పైపులే మళ్ళీ తుడిచాను.

ఏప్రిల్ 14

చెంచురామయ్య సరుకు అమ్ముడుపోయింది. వెళ్తూ గేటు దగ్గర నాకో పుచ్చకాయ ఇచ్చాడు. మిషను తప్పు కాదయ్యా, నా తప్పే అని చెప్పాను. "నేనేం అడగలేదుగా" అన్నాడు. పుచ్చకాయ తియ్యగా ఉంది.

ఏప్రిల్ 20, శుక్రవారం

మహిమ వచ్చింది. కొత్త ఇంజనీరు వస్తాడనుకుంటే మిషను ఒకసారి చూసిపోవడానికి తనే వచ్చింది, మెడలో కొత్త కార్డు. పర్మనెంటు చేశారట. ఈ కబురు నాకు చెప్పలేదు, గుమస్తాతో చెబుతుంటే కంప్రెసరు రూములోంచి విన్నాను. చాలా సంతోషం వేసింది. బయటికి వెళ్ళడానికి మాత్రం మొహం చెల్లలేదు.

కాసేపటికి గుమస్తా వచ్చి, "నిన్ను పిలుస్తోంది" అన్నాడు. చేతులు తుడుచుకుని వెళ్ళాను. కంప్యూటరు బల్ల మీద అడ్డంగా పడుకోబెట్టి ఉంది. సీలు ఇంకా తీయలేదు.

"యలమందయ్యగారూ, దీనికి ఇంకేమైనా చేశారా? ఏదున్నా ఇప్పుడే చెప్పండి" అంది. నవ్వలేదు.

చెప్పకుండా ఉండే ఓపిక నాకు లేదు. "ఒకటుందమ్మా. లోపల ఫ్యాను గరగరమంటుంటే స్టిక్కరు ఎత్తి కుట్టుమిషను నూనె వేశాను. ఫిబ్రవరిలో."

"ఎంత?"

"రెండు చుక్కలు."

ఆ పిల్ల స్విచ్చి వేసి, ఫ్యాను వైపు చెవి పెట్టి విని, ఆపేసింది. తర్వాత, "నేను చూసే మిషన్లన్నిటిలో ఇదొక్కటే చప్పుడు చెయ్యట్లేదు. ఇన్నాళ్ళూ ఎందుకో అనుకుంటున్నా" అంది. జేబులోంచి చిన్న పుస్తకం తీసింది. "ఏ స్టిక్కరు కింద? అడ్డంగా పెట్టి వేశారా, నిలబెట్టి వేశారా?"

"మాటల్తో చెబితే అర్థం కాదమ్మా, చూపించాలి."

గుడ్డ చుట్ట విప్పి, అందులోంచి ఒక స్క్రూడ్రైవరు తీసి నా వైపు చాపింది. మంచి స్క్రూడ్రైవరు, చేతిలో బరువు సరిగ్గా కూర్చుంది. సీలు చింపి, నాలుగు స్క్రూలు విప్పి మూత ఎత్తాను. ఇద్దరం లోపలికి తలలు వంచి చూస్తుంటే ఆ ఎర్రటి దుమ్ముకి ఇద్దరికీ తుమ్ములొచ్చాయి.

ఆ చప్పుడుకి కోటేష్ బాబు తలుపు దగ్గరికి వచ్చాడు. బల్ల మీద మూత, నా చేతిలో స్క్రూడ్రైవరు చూశాడు.

"మూత ఎవరు తీశారు?"

నేను నోరు తెరిచేలోపే మహిమ తల ఎత్తకుండా, "నేనే తీయమన్నానండీ, పని నేర్చుకుంటున్నా" అంది. ఆయన తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు. నేను ఫ్యాను చూపించడం మొదలుపెట్టాను.